మీ ఓవెన్ థర్మామీటర్ మాట ఎంతవరకు నమ్మొచ్చు

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. కందుకూరులో ఇల్లు, 28 లీటర్ల ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్. నాబ్ 180 దగ్గర పెడితే లోపల తగిలించిన గుండ్రటి ముల్లు థర్మామీటర్ 155 చూపిస్తోంది. సరే అని నాబ్ 200కి తిప్పి కేకు పెడితే పైన మాడింది, నడిమధ్యన పిండి పిండిగా మిగిలింది. తప్పు ఓవెన్‌దా, థర్మామీటర్‌దా, ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా అని మీ ప్రశ్న.

నేను 26 ఏళ్ళు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేశాను. బాయిలర్ల మీదా డ్రయ్యర్ల మీదా ఉండే టెంపరేచర్ గేజీలు విప్పి, సరిచూసి, మళ్ళీ బిగించడమే నా ఉద్యోగం. ఇప్పుడు ఒంగోల్లో ఇంటిపట్టునే ఉన్నాను. మా ఇంటావిడ కేకులు, బన్నులు చేసి తెలిసినవాళ్ళకు ఇస్తుంది. పిండి సంగతి ఆమెది, ఓవెన్ వేడి సంగతి నాది.

ముందు మీ కేకు ఏం చెబుతోందో వినండి. ఓవెన్ నిజంగా 155 దగ్గరే ఉంటే కేకు పాలిపోయి, సరిగా పొంగకుండా, ఎంతసేపటికీ రంగు తిరగకుండా ఉండేది. మాడేది కాదు. పైన మాడి లోపల పచ్చిగా ఉందంటే రెండిట్లో ఒకటి. మీ థర్మామీటర్ తక్కువ చూపిస్తూ ఉండాలి, అసలు వేడి అంతకన్నా ఎక్కువ. లేదంటే థర్మామీటర్ చెప్పేది నిజమే, కానీ పై రాడ్డు ఎర్రగా కాలుతూ కేకు నెత్తిమీద నేరుగా సెగ కొడుతోంది. గాలి వేడి వేరు, రాడ్డు సెగ వేరు. ఎండాకాలం నీడలోనూ ఎండలోనూ గాలి దాదాపు ఒకటే, కానీ ఎండలో నిలబడితే చర్మం చుర్రుమంటుంది కదా, అదే ఇక్కడా జరిగేది. ఈ రెండిట్లో ఏది అన్నది తేలాలంటే మొదట థర్మామీటర్ లెక్క తేలాలి.

దీని విలువ నాకు ఉద్యోగంలో చేరకముందే తెలిసింది. కొండపి వైపు మాకు పొగాకు బ్యారన్, అంటే పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే గది ఉండేది. ఆకు పసుపు తిరిగే మొదటి రోజుల్లో లోపల వేడి వంద ఫారన్‌హీట్ అటూఇటుగా ఉండాలి, చివర్లో ఈనె ఎండడానికి 160 దాకా తీసుకుపోవాలి, అంటే మన సెల్సియస్‌లో 71. మధ్యలో మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవాలి. మా నాయన రాత్రిళ్ళు టార్చిలైటు వేసి గోడకున్న చిన్న అద్దంలోంచి లోపల వేలాడే థర్మామీటర్ చూసి, పొయ్యిలో కట్టెలు ఎగదోసేవాడు. ఒక ఏడు పాత థర్మామీటర్ పగిలింది. ఒంగోల్లో ఒక కొట్లో కొత్తది తెచ్చాం. ఆ బ్యారన్ ఆకు సగానికి సగం పచ్చగానే ఎండిపోయింది. పసుపు తిరగక ముందే వేడి ఎక్కువైతే ఆకు పచ్చరంగు అలాగే నిలిచిపోతుంది. అలాంటి ఆకుకు వేలంలో ధర ఉండదు. అప్పుడు నాయన ఆ కొత్త థర్మామీటర్‌ని వంటింట్లోకి తెచ్చి, మరుగుతున్న నీళ్ళలో ముంచాడు. 212 చూపించాల్సింది 205 దగ్గర ఆగింది. ఏడు డిగ్రీలు తక్కువ. అది వంద చూపించినప్పుడల్లా లోపల నూట ఏడు అన్నమాట. దాన్ని పారేయలేదు. అద్దం పక్కన గోడమీద బొగ్గుతో ‘7 కలుపు’ అని రాశాడు. ఆ తర్వాత మూడు పంటలకు అదే థర్మామీటర్ వాడాం.

నేను ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ బొగ్గు రాతకు కొనసాగింపే. థర్మామీటర్ తప్పు చూపిస్తే ఫరవాలేదు. ఎంత తప్పో తెలియాలి, ఆ తప్పు రోజూ ఒకేలా ఉండాలి. ఈరోజు పది తక్కువ, రేపు అయిదు ఎక్కువ చూపించేదాన్ని మాత్రం ఏ లెక్కా బాగుచేయలేదు.

ఇక మీ థర్మామీటర్ సంగతి. గుండ్రటి డయల్ వెనక చుట్టలా ఒక రేకు ఉంటుంది. అది రెండు రకాల లోహాలు అతికించిన పట్టీ. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ సాగుతుంది, దాంతో చుట్ట మెలి తిరిగి ముల్లును తిప్పుతుంది. కింద పడినా, హద్దు దాటి కాలినా ఆ చుట్ట కాస్త సడలిపోతుంది, అప్పటినుంచీ ముల్లు పక్కకు చూపిస్తుంది. దీన్ని నీళ్ళలో ముంచి సరిచూడమని చాలామంది చెబుతారు. ముంచకండి. పుల్లలా పొడుగ్గా ఉండి మాంసంలోనో పాకంలోనో గుచ్చే థర్మామీటర్‌కి ఆ పద్ధతి సరిపోతుంది. మీది ఓవెన్‌లో వేలాడదీసే రకం. చాలావాటికి డయల్ మూత గట్టిగా మూసుకుని ఉండదు, లోపలికి నీళ్ళు పోతే అద్దం మసకబారుతుంది, చుట్ట తుప్పు పడుతుంది. పైగా వాటి అంకెలు చాలావరకు 50 నుంచి మొదలవుతాయి, కాబట్టి ఐసులో పెట్టి సున్నా చూపిస్తోందా అని చూసే పరీక్ష దానికి పనికే రాదు.

చేతిలో ఇంకే పరికరమూ లేకుండా తేల్చుకోవాలంటే పంచదార ఉంది. శుద్ధమైన పంచదార సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కేకుల వేడికి ఇంత దగ్గరగా ఉన్న గుర్తు వంటింట్లో ఇంకొకటి లేదు. ఓవెన్‌లో పట్టే చిన్న ఇనప పెనం ఉంటే మధ్య ర్యాకు మీద పెట్టండి. థర్మామీటర్ ఆ పెనం పక్కనే, రాడ్డుకు దూరంగా ఉండాలి. పెనం ఎందుకంటే, ఓవెన్ లోపలి వేడి నిలకడగా ఉండదు. థర్మోస్టాట్ రాడ్డును ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటుంది, గాలి పది పదిహేను డిగ్రీలు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బరువైన ఇనుము ఆ ఎగుడుదిగుళ్ళను మింగేసి నడిమి వేడి దగ్గర నిలబడుతుంది.

ముందు నాబ్‌ను మీ థర్మామీటర్ 150 చూపించేలా పెట్టుకోండి. ఓవెన్ వేడెక్కి నలభై నిమిషాలు గడవనివ్వండి. తర్వాత అల్యూమినియం ఫాయిల్‌తో చిన్న దొప్ప చేసి, అందులో అర చెంచా తెల్ల పంచదార పలచగా పరిచి పెనం మీద పెట్టండి. సరిగ్గా పదిహేను నిమిషాలు. పలుకులు పలుకులుగానే ఉంటే తీసేసి, నాబ్ కొంచెం పెంచి, థర్మామీటర్ 160 దగ్గర నిలిచాక కొత్త దొప్ప, కొత్త పంచదార. ఇలా పదేసి చొప్పున పైకి పోండి. పలుకులు కరిగి నీరులా మారిన మెట్టు దగ్గర థర్మామీటర్ ఎంత చూపిస్తోందో రాసుకోండి.

160 దగ్గరే కరిగిందనుకోండి. మీ థర్మామీటర్ పాతిక డిగ్రీలు తక్కువ చెబుతోంది, ఓవెన్ నాబ్ దాదాపు సరైనదే. 190 దగ్గర కరిగిందంటే థర్మామీటర్ నిజమే చెబుతోంది, వెనకబడింది ఓవెన్. మీ ప్రశ్నకు సగం జవాబు ఒక్క సాయంత్రంలో, అర కప్పు పంచదారతో వచ్చేస్తుంది.

అయితే పాత పంచదారనే లోపల ఉంచి మెల్లగా వేడి పెంచుకుంటూ పోవద్దు. పంచదార 186 కన్నా తక్కువ వేడిలోనే ఎక్కువసేపు ఉంటే విడిపోవడం మొదలై, పసుపు తిరిగి, ముందే కరుగుతుంది. అందుకే ప్రతి మెట్టుకూ కొత్తది, అందుకే పదిహేను నిమిషాల హద్దు. బెల్లం, నాటు చక్కెర పనికిరావు, వాటిలో తేమ, ఇతర పదార్థాలు ఉంటాయి. ఇంత జాగ్రత్తగా చేసినా ఈ పద్ధతి అయిదారు డిగ్రీల తేడాలోపే చెబుతుంది. 25 డిగ్రీల తగాదా తీర్చడానికి అది చాలు.

అంతకన్నా కచ్చితంగా కావాలంటే తీగ చివర పూస ఉన్న ప్రోబ్‌తో వచ్చే డిజిటల్ మీటర్ తీసుకోండి. ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ళ దగ్గర టెంపరేచర్ చూసే మల్టీమీటర్ ఉంటుంది, దానికి కె టైప్ థర్మోకపుల్ తీగ, అంటే చివరి పూస దగ్గర వేడిని పసిగట్టే తీగ వస్తుంది. అరువు దొరికినా సరిపోతుంది. సాధారణ రకం కె టైప్ తీగకు ఓవెన్ వేడిలో అనుమతించే తేడా రెండున్నర డిగ్రీలు, మీటర్ తేడా దానికి అదనం. దీన్ని ముందు మీరే సరిచూడాలి. సరిచూడని పరికరంతో ఇంకో పరికరాన్ని కొలిస్తే రెండు అనుమానాలు మిగులుతాయి తప్ప ఒక్క నిజమూ రాదు.

మొదటి గుర్తు ఐసు. తాగే నీళ్ళతో ఇంట్లో గడ్డకట్టించినదే వాడండి. చేపలకూ రొయ్యలకూ వేసే ఐసు వద్దు, ఉప్పు తగిలిన ఐసు సున్నాకు కిందికి దిగుతుంది. వంద గ్రాముల నీటికి ఒక్క గ్రాము ఉప్పు కలిసినా అర డిగ్రీ పైనే తగ్గుతుంది. ఐసును గుడ్డలో వేసి పప్పుగుత్తితోనో రోకలితోనో చితక్కొట్టి, గ్లాసు నిండా అడుగు వరకూ నింపి, సందుల్లో నిండేంత నీళ్ళే పోయండి. నీళ్ళ మీద నాలుగు ముక్కలు తేలుతుంటే అది సున్నా కాదు, అడుగున రెండు మూడు డిగ్రీలు ఉంటుంది. చాలామంది తప్పేది ఇక్కడే. పూస గ్లాసు గోడకు తగలకుండా మధ్యలో ఉంచి, కలుపుతూ మూడు నిమిషాలు ఆగి చదవండి.

రెండో గుర్తు మరిగే నీళ్ళు. మన జిల్లాలు సముద్రం ఒడ్డునే ఉండడం ఇక్కడ కలిసొచ్చింది. ఎత్తుకు పోయేకొద్దీ, మూడు వందల మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. బెంగుళూరులో మా అమ్మాయి ఇంట్లో 97 దగ్గరే తెర్లుతాయి. నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు, ఇవన్నీ అంత ఎత్తున లేవు కాబట్టి మనకు 100 అంటే 100 అనుకోవచ్చు. వాయుగుండం పట్టిన రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి. గాలి పీడనం ఇరవై మిల్లీబార్లు పడితే మరిగే వేడి అర డిగ్రీ పైనే తగ్గుతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా అని కొందరు భయపడతారు. లీటరుకు రెండు గ్రాముల ఉప్పున్న నీళ్ళయినా మరిగే వేడి డిగ్రీలో వందోవంతుల్లోనే పెరుగుతుంది. సముద్రం నీళ్ళకే అర డిగ్రీ పైచిలుకు. కాబట్టి బోరు నీళ్ళయినా సరే. కాకపోతే సన్న బుడగలు కాదు, నీళ్ళు తెర్లుతూ పొంగాలి. పూస గిన్నె అడుగుకు తగలకూడదు, అడుగు నూరు కన్నా వేడిగా ఉంటుంది.

ఐసులో 1, మరిగే నీళ్ళలో 102 చూపించిందనుకోండి. సున్నా దగ్గర ఒకటి ఎక్కువ, వంద దగ్గర రెండు ఎక్కువ. అదే వరసన 180 దగ్గర దాదాపు మూడు ఎక్కువ అనుకుని తీసేసుకోండి. థర్మోకపుల్‌కి ఇలా ముందుకు లెక్కగట్టడం ఓవెన్ వేడి వరకు చెల్లుతుంది. ముల్లు థర్మామీటర్‌కి చెల్లదు. దాన్ని ఏ వేడిలో వాడతారో ఆ వేడి దగ్గరే సరిచూడాలి.

ఇప్పుడు ఆ పూసను ఓవెన్‌లో ముల్లు థర్మామీటర్ వీపుకు ఆనుకునేలా, సన్నటి ఇనప తీగతో కట్టి ఉంచండి. గుడ్డ దారం వద్దు. తీగ తలుపు సందులోంచి బయటికి రావచ్చు, సన్నటి తీగకు తలుపు బాగానే మూసుకుంటుంది. తీగ చివరి ప్లాస్టిక్ ప్లగ్గు మాత్రం లోపలికి పోకూడదు. తీగ మీది తొడుగు ఎంత వేడికి ఓర్చుకుంటుందో ప్యాకెట్టు మీద చూసి, అంతకు లోపలే ఉండండి. 150, 180, 200 దగ్గర, ఒక్కోచోట అరగంట నిలిపి రెండూ రాసుకోండి. తర్వాత నాబ్ తగ్గించి మళ్ళీ 180కి దిగుతూ ఇంకోసారి చూడండి. ఎక్కేటప్పుడు ఒక తేడా, దిగేటప్పుడు ఇంకో తేడా వస్తే ముల్లు ఇరుసు దగ్గర పట్టేస్తోందని అర్థం. వేరే రోజు మళ్ళీ చేస్తే అయిదు డిగ్రీలలోపు అదే తేడా రావాలి. రాకపోతే ఆ థర్మామీటర్ వదిలేయండి, దాని తప్పుకు లెక్క లేదు.

చదివే పద్ధతి కూడా సరిగా ఉండాలి. తలుపు తెరిచి చూస్తే అక్కడికక్కడే వేడి జారిపోతుంది. మా నాయన లాగే అద్దంలోంచి టార్చి వేసి చూడండి. ఓవెన్ దీపం ఆరిందంటే వేడెక్కిందని కాదు, మొదటిసారి థర్మోస్టాట్ తెగిందని మాత్రమే. గోడలూ ర్యాకులూ అప్పటికింకా వేడి తాగుతూనే ఉంటాయి. మీరు 155 చూసింది దీపం ఆరిన అయిదు నిమిషాలకేనా? అయితే ఆ అంకెను మర్చిపోండి. అరగంట తర్వాత, అయిదు నిమిషాలకొకటి చొప్పున ఆరుసార్లు రాసి సగటు తీయండి. ఓవెన్ అసలు వేడి ఆ సగటే.

దీనికి కరెంటు కూడా తోడవుతుంది. మీ వీధిలో సాయంత్రం వోల్టేజి 190కి పడిందనుకోండి. రాడ్డు వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 230 దగ్గర 1500 వాట్లు ఇచ్చే రాడ్లు అప్పుడు వెయ్యి వాట్లే ఇస్తాయి. ఓవెన్ చివరికి అదే వేడికి చేరుతుంది, కానీ చాలా ఆలస్యంగా చేరుతుంది, అంతసేపూ రాడ్డు ఆరకుండా కాలుతూనే ఉంటుంది. పది నిమిషాలు వేడిచేసి కేకు పెట్టేస్తే, గాలి ఇంకా 150లో ఉండగా పై రాడ్డు నిప్పులా కేకును కాలుస్తూ ఉంటుంది. పైన మాడి లోపల పచ్చి. మీ కేకు నాకు చెబుతున్నది ఎక్కువగా ఇదేనని అనిపిస్తోంది. పంచదార పరీక్షలో థర్మామీటర్ నిజమని తేలితే, మీరు చేయాల్సింది నాబ్ పెంచడం కాదు. నలభై నిమిషాలు వేడిచేసి, ర్యాకు ఒక మెట్టు దించి, కేకు పెట్టాక పై రాడ్డు ఆపి కింద రాడ్డు మాత్రమే ఉంచండి.

రాడ్డు సెగ ఎక్కడెక్కడ కొడుతోందో కంటితో చూడాలంటే ర్యాకు నిండా బ్రెడ్డు ముక్కలు పక్కపక్కన పరిచి, 180లో పది పన్నెండు నిమిషాలు ఉంచి తీయండి. వెనక మూల నల్లబడి ముందు తెల్లగా ఉంటే, థర్మామీటర్ వెనక పెట్టినప్పుడు ఒక అంకె, ముందు పెట్టినప్పుడు ఇంకో అంకె ఎందుకు వస్తోందో మీకే తెలుస్తుంది. థర్మామీటర్ ఎప్పుడూ గిన్నె ఉండే చోటే ఉండాలి, ముఖం రాడ్డు వైపు తిప్పకూడదు.

కొన్ని పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. జ్వరం చూసే గాజు థర్మామీటర్ ఓవెన్‌లో పెట్టకండి. అది 42 డిగ్రీలకు చేసింది, పగిలితే పాదరసం ఆవిరి తిండి వండే చోట మిగిలిపోతుంది. రేడియో రిపేరు చేసే తీగ సోల్డర్ 183 దగ్గర కరుగుతుంది కాబట్టి దాంతో సరిచూడొచ్చని ఒకాయన నాతో అన్నాడు. ఆ లెక్క నిజమే, కానీ అందులో సీసం ఉంటుంది, వంట ఓవెన్‌లోకి అది రాకూడదు. తుపాకీలా పట్టుకుని చూసే ఇన్‌ఫ్రారెడ్ మీటర్ గాలి వేడిని కొలవదు, ఎదురుగా ఉన్న వస్తువు పైతలాన్ని కొలుస్తుంది. మెరిసే స్టీలు గిన్నె మీద పెడితే ఉన్నదానికన్నా చాలా తక్కువ చూపిస్తుంది. నల్లబడిన పాత ట్రే మీద అయితే కొంత నయం. ఇక థర్మోస్టాట్ సరిచేద్దామని ఓటీజీ వెనక రేకు విప్పడం. అక్కడ 230 వోల్టులు ఉంటాయి, సన్నటి గొట్టం ఒకటి మడత పడిందంటే థర్మోస్టాట్ మొత్తం పోతుంది. దాని జోలికి పోవద్దు.

లెక్క తేలాక ఓవెన్ పక్కన గోడకు ఒక కాగితం అతికించండి. నాబ్ 160 పెడితే లోపల ఎంత, 180కి ఎంత, 200కి ఎంత, ఆ మూడూ చాలు. మా ఇంట్లో కాగితం మీద 180కి ఎదురుగా 168 అని ఉంటుంది, మా ఆవిడ అది చూసి నాబ్ 190 దాటించి పెడుతుంది. వంట పుస్తకాల్లో 350 అని ఉంటే అది ఫారన్‌హీట్, మనకు 177 అని కూడా ఆ కాగితం అడుగున రాసుకోండి. కొన్ని డయళ్ళ మీద రెండు వరసల అంకెలూ ఉంటాయి, హడావుడిలో లోపలి వరస చదివేస్తాం. ఆరు నెలలకొకసారి, థర్మామీటర్ కింద పడితే ఆ రోజే, మళ్ళీ పంచదార దొప్ప పెట్టి చూడండి.

ముందు ఒక ఆదివారం పగటిపూట, వోల్టేజి బాగున్నప్పుడు పంచదార పరీక్ష చేయండమ్మా. ఏ మెట్టు దగ్గర కరిగిందో, అరగంట తర్వాతి ఆరు అంకెలు ఏమిటో, బ్రెడ్డు ముక్కల్లో ఏ వరస నల్లబడిందో రాసి పంపండి. ర్యాకు ఏ మెట్టు మీద పెట్టాలో, నాబ్ ఎంత దగ్గర నిలపాలో అవి చూసి చెబుతాను.